తల పండిన పనివారిని తీసుకోవడం: ఏ పనికి, ఎలా, తీసుకున్నాక ఏం చేయాలి

అనుభవం ఉన్న మనిషి వల్ల కలిగే లాభం ఎక్కువగా జరగకుండా పోయిన వాటిలో ఉంటుంది. మధ్యలో ఆగిపోని యంత్రం, వెనక్కి తిరిగి రాని సరుకు, అలిగి వెళ్లిపోని పాత ఖాతాదారు, సంతకం పెట్టకముందే పట్టుబడిన ఒప్పందంలోని మెలిక. వీటికి లెక్కల పుస్తకంలో గడి లేదు, జీతానికి మాత్రం ఉంది. ఆ ఒక్క గడి చూసి పెద్ద వయసువాళ్లను వద్దనుకునే సంస్థలు చాలా ఉన్నాయి. ఇంకొన్ని సంస్థలు తీసుకుంటాయి కానీ, పాతికేళ్ల కుర్రవాడికి ఇచ్చే పనినే అదే పద్ధతిలో ఇచ్చి, ఏడాది తిరిగాక "పెద్ద తేడా ఏమీ లేదే" అంటాయి. అనుభవం దానంతట అది పనిలోకి దిగదు. పనిని దానికి తగ్గట్టు అమర్చాలి. ఆ అమరిక ఎలాగో ఈ మార్గదర్శిలో చూద్దాం. ఇక్కడ పెద్ద వయసువాళ్లంటే సుమారు 50 దాటి, ఒకే రంగంలో ఇరవై ఏళ్లకు తగ్గకుండా పనిచేసినవాళ్లు.

ముందు పనిని చూడండి, మనిషిని తర్వాత

ఖాళీగా ఉన్న ఉద్యోగం తీసుకుని మూడు ప్రశ్నలు వేయండి. ఈ పనిలో ఒక్క తప్పు జరిగితే ఎంత నష్టం? ఒకే రకం సమస్య మళ్లీ మళ్లీ వస్తుందా, రోజుకో కొత్త చిక్కు వస్తుందా? కొత్తవాడు ఒంటరిగా ఈ పని చేయగలగాలంటే ఎన్ని నెలలు పడుతుంది? తప్పు ఖరీదైనదై, చిక్కులు రకరకాలుగా వస్తూ, నేర్చుకోవడానికి ఆరు నెలలు దాటేటట్లయితే అది అనుభవజ్ఞులకు తగిన చోటు. మరమ్మతులు, నాణ్యత తనిఖీ, కొనుగోళ్లు, బకాయిల వసూలు, పెద్ద ఖాతాదారులతో వ్యవహారం, భద్రత పర్యవేక్షణ, కొత్తవాళ్లకు శిక్షణ ఈ కోవలోకి వస్తాయి.

గడియారంతో పోటీ పడుతూ బరువులు మోయడం, గంటల తరబడి ఒకే వేగంతో ఒకే కదలిక చేయడం లాంటి పనుల్లో ఇరవై ఏళ్ల అనుభవానికి పెద్దగా చోటు లేదు. అక్కడ పెట్టి వయసును నిందించడం అన్యాయం.

వయసుతో ఏది తగ్గుతుందో, ఏది తగ్గదో కాస్త తెలుసుకుంటే ఈ నిర్ణయం తేలికవుతుంది. కొత్త సమాచారాన్ని చకచకా పట్టుకుని అప్పటికప్పుడు తర్కించే వేగం యౌవనం దాటాక నెమ్మదిస్తుంది. పోగుచేసుకున్న జ్ఞానం, మాటల మీద పట్టు, సందర్భాన్ని గుర్తుపట్టే నేర్పు మాత్రం చాలా కాలం నిలుస్తాయి, కొన్నాళ్లు పెరుగుతాయి కూడా. రేమండ్ కాటెల్ అనే మనస్తత్వవేత్త ఈ రెండింటినీ విడదీసి చూపించాడు. పనిలో ఇది ఎలా ఉంటుందో తిమోతీ సాల్ట్‌హౌస్ 1984లో టైపిస్టుల మీద చేసిన అధ్యయనం చెబుతుంది. 19 నుంచి 72 ఏళ్ల దాకా వయసున్న వాళ్లను పరీక్షిస్తే, పెద్దవాళ్ల వేలి కదలిక, స్పందన వేగం తగ్గాయి, టైపింగ్ వేగం మాత్రం తగ్గలేదు. వాళ్లు చిన్నవాళ్లకంటే ఎక్కువ అక్షరాలు ముందుకు చదువుకుంటూ టైపు చేస్తున్నారు. చేతిలో తగ్గినదాన్ని ముందుచూపుతో పూడ్చుకున్నారన్నమాట. మీ పనిలో ముందుకు చూసే వీలుందా అన్నదే అసలు ప్రశ్న. అప్పగించే పని ముక్కముక్కలుగా, చివరి నిమిషంలో చేతికి వస్తుంటే ఆ వీలు ఉండదు.

జర్మనీలో మెర్సిడెస్ ట్రక్కులు కూర్చే కర్మాగారంలో ఆక్సెల్ బోర్ష్-సూపన్, మత్తియాస్ వైస్ కార్మికుల తప్పులను ఒక్కొక్కటిగా లెక్కపెట్టి చూశారు. 60 ఏళ్ల దాకా ఉత్పాదకత తగ్గిన ఆనవాలు దొరకలేదు. పెద్దవాళ్లు చిన్న చిన్న తప్పులు కొంచెం ఎక్కువ చేశారు, భారీ నష్టం తెచ్చే తప్పులు తక్కువ చేశారు. పని తలకిందులైన క్షణంలో ఏది ముందు కాపాడాలో వాళ్లకు తెలుసు. మొదటి ప్రశ్నకు, అంటే తప్పు ఎంత ఖరీదు అన్నదానికి, అంత బరువు ఇవ్వడానికి కారణం ఇదే.

జీతం గడి ఒక్కటే కాదు, పూర్తి లెక్క వేయండి

ఒక ఉద్యోగి వెళ్లిపోతే అయ్యే ఖర్చును ఆ ఉద్యోగం నెల జీతాల్లో కొలవండి. ఉదాహరణకు ప్రకటన, ఇంటర్వ్యూలకు పట్టే సమయం అర నెల జీతం. కుర్చీ ఖాళీగా ఉండటం వల్ల నష్టం ఒక నెల. కొత్త మనిషి ఐదు నెలల పాటు సగం పనే చేస్తాడనుకుంటే రెండున్నర నెలలు. మొత్తం 4 నెలల జీతం. ఆ మనిషి 16 నెలలకు వెళ్లిపోతే ఈ భారం నెలకు జీతంలో 25 శాతం పడుతుంది. అంటే జీతం 100 అయితే నిజంగా అయ్యేది 125.

ఇప్పుడు అనుభవజ్ఞుడి లెక్క. జీతం 115 అనుకుందాం. పని అందుకోవడానికి ఐదు నెలల బదులు మూడు నెలలు చాలు. ఆ మూడు నెలలూ సగం పనే అనుకుంటే నష్టం ఒకటిన్నర నెలలు, కాబట్టి ప్రకటన, ఖాళీ కుర్చీ ఖర్చులతో కలిపి చేర్చుకునే భారం 3 నెలల జీతం. ఐదేళ్లు ఉంటే నెలకు సుమారు 6 పడుతుంది. మొత్తం 121. ఎక్కువ జీతం ఇచ్చిన మనిషే చౌక.

ఈ అంకెలు లెక్క చూపించడానికి మాత్రమే. మీ దగ్గర గత మూడేళ్లలో ఆ ఉద్యోగంలో ఎవరు ఎన్ని నెలలు ఉన్నారో, వయసును బట్టి తీసి చూడండి. "ఇంకో ఐదేళ్లలో రిటైరవుతాడు కదా" అనే అభ్యంతరం ఆ కాగితం ముందు నిలబడటం అరుదు, ఎందుకంటే చాలా ఉద్యోగాల్లో ఎక్కువమంది ఐదేళ్లు ఉండరు. 1989లో బ్రిటన్‌లో బీ అండ్ క్యూ సంస్థ మాకిల్స్‌ఫీల్డ్‌లోని ఒక దుకాణాన్ని పూర్తిగా 50 దాటినవాళ్లతో నడిపింది. తమ మరో నాలుగు దుకాణాలతో పోల్చినప్పుడు లాభం 18 శాతం ఎక్కువ వచ్చింది, సిబ్బంది మానేయడం దాదాపు ఆరో వంతుకు తగ్గింది, గైర్హాజరు 39 శాతం తక్కువ. ఇంటి మరమ్మతు సామాన్లు అమ్మే దుకాణం కాబట్టి, సొంతంగా కుళాయి బిగించిన మనిషి చెప్పే సలహాకు అక్కడ విలువ ఉంది. పనికి, అనుభవానికి పొత్తు కుదిరిన చోటే ఇలాంటి ఫలితం వస్తుంది.

ప్రకటనలో దారి మూసేయకండి

"చురుకైన యువ బృందం", "డిజిటల్ యుగంలో పుట్టినవారు", "3 నుంచి 5 ఏళ్ల అనుభవం" లాంటి మాటలు పెద్దవాళ్లను గుమ్మంలోనే ఆపేస్తాయి. కింది హద్దు పెట్టండి, పై హద్దు తీసేయండి. దరఖాస్తు పత్రంలో పుట్టిన తేదీ, డిగ్రీ పూర్తయిన సంవత్సరం అడగకండి. ఆన్‌లైన్ పత్రంలో ఎంచుకోవలసిన సంవత్సరాల జాబితా 1980 దగ్గర మొదలైతే అంతకు ముందువాళ్లు దరఖాస్తే పెట్టలేరు. ఇది ఎవరూ కావాలని చేయరు, కానీ తరచూ జరుగుతుంది. రెజ్యూమేలను వడపోసే సాఫ్ట్‌వేర్‌లో "అనుభవం 15 ఏళ్లు మించితే పక్కన పెట్టు" లాంటి నియమం ఎవరైనా ఎప్పుడో పెట్టి మరిచిపోయారేమో తెరిచి చూడండి.

ఇది చట్టం సంగతి కూడా. అమెరికాలో 1967 నాటి చట్టం 40, ఆపై వయసువాళ్లపై ఉద్యోగాల్లో వివక్షను నిషేధిస్తుంది. ఐరోపా సమాఖ్య 2000లో తెచ్చిన ఆదేశం వయసును కూడా వివక్ష కారణాల్లో చేర్చింది. జపాన్ అయితే ఉద్యోగులకు 65 దాకా పని కల్పించే ఏర్పాటు యజమాని బాధ్యత అంటుంది, 2021 నుంచి 70 దాకా ప్రయత్నించాలంటుంది. మీ దేశపు చట్టం చూసుకున్నాకే ప్రకటన వేయండి. "50 దాటినవారికి మాత్రమే" అనడం కూడా కొన్నిచోట్ల తప్పవుతుంది. "ఏ వయసువారైనా, ఎంత అనుభవం ఉన్నా దరఖాస్తు చేయవచ్చు" అనే వాక్యం సాధారణంగా చిక్కు తేదు.

ప్రకటనకంటే బాగా పనిచేసేది పాత పరిచయాల జాబితా. మీ దగ్గరే పనిచేసి రిటైరైనవాళ్లు, మంచిగా మానేసి వెళ్లినవాళ్లు, మీకు సరుకు వేసే సంస్థల్లో మీ పని తెలిసినవాళ్లు, పిల్లల కోసమో ఇంట్లో పెద్దల కోసమో ఉద్యోగం ఆపుకుని మళ్లీ చేరాలనుకునేవాళ్లు. ఈ చివరి వర్గంలో ఆడవాళ్లు ఎక్కువ. రెజ్యూమేలో విరామం కనబడగానే తీసి పక్కన పెట్టే అలవాటు వల్ల చేయి తిరిగిన పనిమంతులు చేజారిపోతున్నారు.

ఎంపిక: మాటలు తగ్గించి పని చూడండి

ఇరవై ఏళ్ల అనుభవం అంటే ఒకే ఏడాదిని ఇరవైసార్లు చేయడమూ కావచ్చు. దాన్ని ఇంటర్వ్యూ మాటల్లో పట్టుకోవడం కష్టం. 60 నుంచి 90 నిమిషాల పని నమూనా పెట్టండి. మీ రోజువారీ పనిలోంచే ఒక ఫైలో, యంత్రమో, బిల్లుల కట్టో ఇచ్చి, అందులో మూడు విషయాలు దాచండి. ఒకటి ఎవరికైనా కనబడే తప్పు. రెండోది పైకి ఒకచోట కనబడుతూ మూలం ఇంకోచోట ఉన్న తప్పు. మూడోది తప్పులా కనిపిస్తుంది కానీ నిజానికి ముట్టుకోకూడనిది. మొదటిది పట్టుకోవడానికి అనుభవం అక్కర్లేదు, రెండోది పట్టుకుంటే పనిమంతుడు, మూడోదాన్ని చూసి "ఇది ఇలాగే ఉండనివ్వండి" అని కారణం చెప్పగలిగితే తప్పకుండా తీసుకోవలసిన మనిషి.

మార్కులు వేసేటప్పుడు ఎంతసేపట్లో పూర్తిచేశారన్నదాని కంటే ఏ వరసలో చూశారన్నది రాసుకోండి. ముందు దేన్ని పరిశీలించారు, ఎక్కడ ఆగి ప్రశ్న అడిగారు, ఏది వదిలేశారు. ప్రశ్నలు అడగకుండా దూకేవాళ్లతో జాగ్రత్త. వాళ్లు పాత చోట చేసినట్టే ఇక్కడా చేసేస్తారు.

మాట్లాడేటప్పుడు రెండు ప్రశ్నలు చాలా చెబుతాయి. "గత రెండేళ్లలో మీరు కొత్తగా నేర్చుకున్న పని పద్ధతి ఏమిటి, దాని కోసం ఏ పాత అలవాటు మానుకున్నారు?" "మీకంటే చిన్నవారైన అధికారి మీ సలహా కాదన్నప్పుడు ఏం చేశారు?" జవాబులో పేర్లు, తేదీలు, వివరాలు రావాలి. "నాకెప్పుడూ ఇబ్బంది రాలేదండీ" అన్నది జవాబు కాదు, ఇంకొంచెం అడగండి. వయసు, ఆరోగ్యం, ఎప్పుడు రిటైరవుతారు, మనవలు ఉన్నారా లాంటివి మాత్రం అడగనే వద్దు. పనికి శారీరక శక్తి అవసరమైతే ఆ పనినే వివరించి, చేయగలరా అని అందరినీ ఒకే మాటలో అడగండి.

"ఈ ఉద్యోగానికి మీరు చాలా ఎక్కువ" అని తిప్పి పంపడం అన్నిటికంటే పెద్ద నష్టం. పెద్ద పదవి చేసి వచ్చిన మనిషి చిన్న పనిని ఎందుకు కోరుకుంటున్నారో సూటిగా అడగండి. బాధ్యత తగ్గించుకుని చేతిపనికి తిరిగి రావాలని, ఇంటికి దగ్గరగా ఉండాలని, మనుషులను నడిపే తలనొప్పి వద్దనుకుని వచ్చేవాళ్లు ఎందరో. కారణం పనికి పొసిగితే ఆ "ఎక్కువ" అంతా మీకు అదనంగా దొరికినట్టే.

జీతం, గంటలు

జీతం పనికి ఇవ్వండి, పాత పదవికి కాదు. అదే సమయంలో "వయసు మళ్లింది కదా, తక్కువకే వస్తారు" అనే ఆలోచనతో కోత పెట్టవద్దు. అది తెలియకుండా ఉండదు, తెలిశాక మనిషి ఉన్నా మనసు ఉండదు. డబ్బు పెంచలేకపోతే గంటల్లో వెసులుబాటు ఇవ్వండి: వారానికి మూడు లేదా నాలుగు రోజులు, రద్దీకి ముందే మొదలై ముందే ముగిసే పనివేళ, ఏడాదిలో ఒక పెద్ద విరామం. రాత్రి షిఫ్టులను తట్టుకోవడం వయసుతో కష్టమవుతుంది. తప్పనిసరైతే ఉదయం, సాయంత్రం, రాత్రి అనే ముందుకు సాగే వరసలో తిప్పండి. వెనక్కి తిప్పితే నిద్ర కుదుటపడదు.

మొదటి 90 రోజులు

మొదటి వారం పరిచయాలు, వ్యవస్థలు. రెండో వారం నుంచే సొంతంగా పూర్తిచేసే ఒక చిన్న పని ఇవ్వండి. "మీకు అన్నీ తెలుసు కదా" అని శిక్షణ ఎగ్గొట్టడమే ఇక్కడ ఎక్కువగా జరిగే పొరపాటు. పని తెలుసు, మీ దగ్గర ఎలా చేస్తారో తెలియదు. మీ సాఫ్ట్‌వేర్, మీ ఫైళ్ల పేర్లు, ఎవరి అనుమతి ఎక్కడ కావాలో అన్నీ కొత్తే.

కొత్త సాఫ్ట్‌వేర్ నేర్పేటప్పుడు గంటసేపు తెర మీద చూపించి వదిలేయకండి. పెద్దవాళ్లకు ఎక్కువ సమయం పడుతుంది, కానీ ఎవరి వేగంతో వాళ్లు నేర్చుకోనిస్తే బాగా పట్టుకుంటారు. రోజుకు 40 నిమిషాల చొప్పున పది రోజులు, ప్రతిసారీ వాళ్ల అసలు పనిలోంచే ఒక లావాదేవీ. బటన్ల వరస కాకుండా, "పాత రిజిస్టరులో మీరు రాసిన ఈ గడి ఇక్కడ ఈ చోటికి వస్తుంది" అని తెలిసినదానికి ముడివేసి చెప్పండి. తెర మీద అక్షరాలు పెద్దవి చేసుకోవడం మొదటి రోజే చూపించండి. తర్వాత అడగడానికి చాలామంది మొహమాటపడతారు.

థామస్ ఎన్‌జి, డేనియల్ ఫెల్డ్‌మన్ 2012లో 418 అధ్యయనాలను కలిపి, పెద్ద వయసు ఉద్యోగుల గురించిన ఆరు అపోహలను పరీక్షించారు. ఉత్సాహం ఉండదు, మార్పును అడ్డుకుంటారు, ఆరోగ్యం బాగుండదు లాంటివాటికి ఆధారం దొరకలేదు. ఒక్కదానికి మాత్రం కొంత దొరికింది: శిక్షణ పట్ల ఆసక్తి కాస్త తక్కువ. కాబట్టి శిక్షణను ఇష్టానికి వదలకండి. కారణం చెప్పి, పని గంటల్లోనే పెట్టి, అందరికీ తప్పనిసరి చేయండి. పెద్దవాళ్లను శిక్షణకు పిలవకపోవడం, తర్వాత వెనకబడ్డారనడం ఒక విషవలయం.

పై అధికారి వయసులో చిన్నవారైతే చేరిన మూడో రోజుకల్లా ఇద్దరూ కూర్చుని ఒక విషయం తేల్చుకోవాలి: ఏ నిర్ణయం ఎవరిది. అధికారి చేసే పొరపాటు, గౌరవం పేరుతో తప్పు చూపించకుండా దాటవేయడం. అనుభవజ్ఞులు చేసే పొరపాటు, ప్రతి సమావేశంలో పాత సంస్థను తలుచుకోవడం. మొదటి నెలలో చూసిన లోపాలన్నీ ఒక నోటుపుస్తకంలో రాసుకుని, నెలాఖరున ఒకేసారి చర్చించే పద్ధతి పెడితే రెండూ సర్దుకుంటాయి. కొత్త కళ్లకు కనబడే లోపాలు మూడు నెలల తర్వాత కనబడవు కనుక ఆ పుస్తకం మీకూ విలువైనదే.

పనిచోటు

ఇది ఖర్చు అనుకుంటారు గానీ చాలా వరకు చిల్లర ఖర్చే. బీఎండబ్ల్యూ 2007లో జర్మనీలోని డింగోల్ఫింగ్ కర్మాగారంలో ఒక ఉత్పత్తి వరసలో సగటు వయసు 47 ఉండేలా సిబ్బందిని పెట్టింది. భవిష్యత్తులో తమ సిబ్బంది సగటు వయసు అంతకు చేరుతుందని అంచనా. ఏం మార్చాలో ఆ కార్మికులనే అడిగారు. చెక్క నేల, ప్రత్యేకమైన బూట్లు, కొన్ని చోట్ల కూర్చుని పనిచేసే కుర్చీలు, ఎత్తు మార్చుకునే బల్లలు, చిన్న భాగాలకు భూతద్దాలు, తెరల మీద పెద్ద అక్షరాలు, పనుల మధ్య మార్పిడి. ఇలాంటివి 70 చిన్న మార్పులు. కార్మికుల చర్చలకు పట్టిన గంటలతో కలిపి ఖర్చు సుమారు 40,000 యూరోలు. ఏడాదిలో ఉత్పాదకత 7 శాతం పెరిగి, కుర్రవాళ్ల వరసలతో సమానమైంది.

మీ దగ్గర వెలుతురుతో మొదలుపెట్టండి. 60 ఏళ్ల కంటి లోపలికి చేరే వెలుగు 20 ఏళ్ల కంటితో పోలిస్తే మూడో వంతు దాకా పడిపోతుంది. రాతపనికి సాధారణంగా సూచించే 500 లక్స్‌ను (లక్స్ అంటే వెలుతురును కొలిచే ప్రమాణం) సన్నని పనిచోట 750కి పెంచండి. గదంతా వెలిగించడం కంటే బల్ల దీపం మేలు, మెరుపు కళ్లలోకి కొట్టకుండా పక్కనుంచి పడాలి. కాగితాలు 12 పాయింట్లకు తగ్గని అక్షరాల్లో. కీచుమనే అలారానికి బదులు కొంచెం మంద్రమైన ధ్వని, దానితో పాటు వెలిగి ఆరే దీపం, ఎందుకంటే వయసుతో ముందు తగ్గేది ఎక్కువ పౌనఃపున్యం శబ్దాలను వినే శక్తి. పెద్దవాళ్లకు ప్రమాదాలు తరచుగా జరగవు కానీ, జరిగితే కోలుకోవడానికి ఎక్కువ రోజులు పడుతుంది. జారే నేల, సరిగా కనబడని మెట్టు, తలపైకి చేయి చాపి అందుకోవలసిన అర, ఈ మూడూ ముందుగా సరిచేయండి. ఈ మార్పుల వల్ల బాగుపడేది అన్ని వయసులవాళ్లూ.

వాళ్లకు తెలిసినది మిగతావాళ్లకు అందించడం

తీసుకున్న లాభంలో పెద్ద వాటా ఇక్కడే ఉంది, ఎక్కువగా వదిలేసేదీ దీన్నే. "వెళ్లేముందు మీకు తెలిసిందంతా రాసి ఇవ్వండి" అంటే పది పేజీల చప్పిడి కాగితం వస్తుంది. చేతికి తెలిసినది నోటికి తెలియదు కాబట్టి. యంత్రం శబ్దం మారిందని చెవికి తెలుస్తుంది, ఎలా తెలిసిందో వాక్యంగా రాదు.

మొదట ఒక జాబితా వేయండి. సంస్థలో ఏయే పనులకు "ఆయన్ను పిలవండి", "ఆవిడను అడగండి" అంటారో రెండు వారాలు గమనించి రాస్తే 15, 20 అంశాలు తేలతాయి. వాటిలో అరుదుగా వచ్చేవి, వస్తే ఖరీదైనవి పైన పెట్టండి. రోజూ వచ్చే పనిని చుట్టుపక్కలవాళ్లు ఎలాగూ చూసి నేర్చుకుంటారు.

తర్వాత జంట కట్టండి. వారానికి నాలుగు గంటలు, ఒకే పని మీద ఇద్దరు. మొదటి రెండు వారాలు అనుభవజ్ఞులు పని చేస్తూ మనసులో అనుకుంటున్నదాన్ని పైకి చెబుతుంటారు, చిన్నవారు ఫోన్‌లో రికార్డు చేసుకుని "ఇప్పుడు ఎందుకు ఆగారు?" అని అడుగుతుంటారు. మూడో వారం నుంచి పాత్రలు మారతాయి. చిన్నవారు చేస్తారు, పెద్దవారు చేతులు కట్టుకుని చూస్తారు. ఈ చేతులు కట్టుకోవడమే చాలా కష్టం. ఆపుకోలేక తామే చేసేస్తారు, నేర్చుకోవడం అక్కడితో ఆగిపోతుంది. ప్రమాదం లేనంతవరకు తప్పును జరగనిచ్చి, తర్వాత మాట్లాడుకోవాలని ముందే ఒప్పించుకోండి.

రాయవలసినది ఒకటుంది: "అయితే ఏం చేయాలి" కార్డులు. ఒక్కో కార్డు మీద నాలుగే వాక్యాలు. ఏం కనబడుతుంది, మొదట ఏది చూడాలి, అందరూ చేసే తప్పు ఏమిటి, ఎప్పుడు ఆపి సాయం పిలవాలి. వీటిని నేర్చుకుంటున్న మనిషి రాయాలి, తెలిసిన మనిషి దిద్దాలి. తిరగేస్తే తెలిసినవారికి మామూలనిపించిన కీలకమైన మెట్లు కార్డులో కనబడవు. వారానికి రెండు కార్డుల చొప్పున ఆరు నెలల్లో యాభై అవుతాయి. పరీక్ష ఏమిటంటే, ఆ అనుభవజ్ఞులు సెలవులో ఉన్న వారంలో పని ఎలా నడిచిందన్నదే.

ఎవరైనా తమకు తెలిసింది చెప్పడానికి వెనకాడుతుంటే భయం ఎక్కడుందో వెతకండి. చెప్పేస్తే తన అవసరం తీరిపోతుందన్న అనుమానం సహజం. నేర్పడాన్ని వాళ్ల ఉద్యోగ వివరణలో రాయండి, దానికి పని గంటలు కేటాయించండి, పనితీరు మదింపులో నాలుగో వంతు మార్కులు దానికే ఇవ్వండి. నోటిమాటగా "కాస్త చూపించండి" అంటే జరగదు.

ఏడాది చివర ఏం కొలవాలి

చేతిలో పడ్డ పనుల సంఖ్య ఒక్కటే చూస్తే కుర్రవాళ్లు ముందుంటారు, మీరు మళ్లీ మొదటి పొరపాటుకే వస్తారు. ఐదు విషయాలు రాసి పెట్టుకోండి: మళ్లీ చేయవలసివచ్చిన పనులు, వెనక్కి వచ్చిన సరుకు లేదా ఫిర్యాదులు, పని ఆగిపోయిన గంటలు, ముందుగా హెచ్చరించి తప్పించిన చిక్కులు, ఆయనో ఆవిడో నేర్పగా ఒంటరిగా పని చేయగలుగుతున్నవాళ్ల సంఖ్య. నాలుగోదానికి రిజిస్టరు పెట్టకపోతే లెక్క దొరకదు. తేదీ, చిక్కు ఏమిటి, జరిగి ఉంటే ఎంత నష్టం అనే మూడు గడులు చాలు, అంచనా మాత్రం వేరే శాఖవాళ్లు వేయాలి. ఈ అంకెలు ఆ మనిషి చేరకముందు ఏడాది ఎలా ఉన్నాయో ముందే తీసి పెట్టుకోండి. చేరాక వెతికితే పోల్చడానికి ఏమీ ఉండదు.

ఏడాది తర్వాత కూడా మార్పు కనబడకపోతే మనిషిని చూసేముందు మూడు విషయాలు చూడండి. పనిలో సొంతంగా నిర్ణయించే వీలు ఉందా, హెచ్చరించినప్పుడు ఎవరైనా విన్నారా, జంట కట్టిన నాలుగు గంటలు నిజంగా కేటాయించారా లేక ఆ సమయంలో ఏదో అత్యవసరం అంటూ పిలిచేశారా. ఈ మూడోది దాదాపు ప్రతిచోటా జరుగుతుంది. ఆ గంటలను క్యాలెండరులో ఖాతాదారుతో సమావేశమంత గట్టిగా కట్టడి చేస్తే తప్ప అవి మిగలవు.